పాత కారు స్టీరియోలోకి ఫోన్ పాట ఏ దారిన పంపాలి?

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత పాత శాంట్రో, ఇండికా కూడా షోరూముల్లోంచి వెళ్లిపోయాయి. రోడ్ల మీద నుంచి మాత్రం పోలేదు. చేతులు మారుతూ మండల కేంద్రాల్లో, పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇంజను బాగానే ఉంది, ఏసీ ఓ మాదిరిగా పనిచేస్తోంది, డ్యాష్‌బోర్డులో స్టీరియో కూడా వెలుగుతూనే ఉంది. అందులో పెట్టడానికి పాటే లేదు. క్యాసెట్లు అటకెక్కాయి, సీడీల మీద గీతలు పడ్డాయి, వినాలనుకున్నదంతా ఫోన్‌లో ఉంది.

దీనికి ఎక్కువమంది చేసే పని సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొనడం. నాలుగు రోజులు విన్నాక గరగర భరించలేక, స్పీకర్లు పోయాయేమోనని కొత్తవి వేయిస్తారు. గరగర అలాగే ఉంటుంది. అప్పుడు సెట్ మీద అనుమానం వస్తుంది. నిజానికి ఇలాంటి చాలా కార్లలో స్పీకర్లకు గానీ, సెట్ లోపలి ఆంప్లిఫయర్‌కు గానీ ఏ రోగమూ ఉండదు. ఫోన్‌లోని పాట ఆంప్లిఫయర్ దాకా ఏ దారిన పోతోంది, పోయేలోపు ఎన్నిసార్లు రూపు మారుతోంది అన్న దగ్గరే తేడా వస్తుంది.

స్టీరియో లోపల పాట ప్రయాణం చిన్నదే. రేడియో, క్యాసెట్, సీడీలలో ఏదో ఒకచోట సిగ్నల్ పుడుతుంది. అక్కడి నుంచి, వీటిలో ఏది పలకాలో ఎంచే సెలెక్టర్‌కు, ఆపైన వాల్యూమ్, బేస్, ట్రెబుల్ సర్క్యూట్లకు, చివరికి పవర్ ఆంప్లిఫయర్‌కు, స్పీకర్లకు వెళ్తుంది. ఫోన్‌ను ఈ వరుసలో ఎక్కడ చొప్పిస్తే అక్కడి నుంచి ఉన్న లోపాలన్నీ పాటకు అంటుకుంటాయి. ఏంటెనా దగ్గర చొప్పిస్తే రేడియో లోపాలు, క్యాసెట్ హెడ్ దగ్గర చొప్పిస్తే టేపు లోపాలు. నేరుగా సెలెక్టర్‌కు, అంటే బయటి పరికరాన్ని తీగతో కలపడానికి ఉండే ఆక్స్ ఇన్‌పుట్‌కు ఇస్తే దాదాపు ఏమీ అంటవు. ఖరీదుకూ ఈ వరుసకూ సంబంధం లేదు. అన్నిటికన్నా మంచి దారికి కావాల్సింది ఒక చిన్న తీగే కావచ్చు.

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్

ఇది ఒక బుల్లి రేడియో స్టేషన్. ఫోన్ నుంచి బ్లూటూత్‌లోనో తీగ మీదో అందుకున్న పాటను 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఏదో ఒక ఫ్రీక్వెన్సీ మీద ప్రసారం చేస్తుంది. కారు రేడియో దాన్ని అందుకుంటుంది. అంటే, జానెడు దూరంలో ఉన్న సెట్‌కు పాట గాల్లోకి వెళ్లి, బయటి ఏంటెనా మీదుగా తిరిగొస్తుందన్నమాట. ఏ కారుకైనా ఏ సెట్‌కైనా సరిపోవడం ఒక్కటే దీని గొప్ప.

పక్క కారు రేడియోలోకి దూరకూడదు కనుక దీని శక్తి చాలా తక్కువగా ఉండాలి. బ్రిటన్ 2006 డిసెంబరులో వీటి వాడకాన్ని అనుమతించినప్పుడు 50 నానోవాట్లు మించకూడదని షరతు పెట్టింది. నానోవాట్ అంటే ఒక వాట్‌లో వంద కోట్ల వంతు. అటు నగరంలోని స్టేషన్లేమో కిలోవాట్లలో ప్రసారం చేస్తాయి. ఎఫ్ఎం రిసీవర్‌కు ఒక గుణం ఉంది: ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు తగిలితే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నచోట అటూ ఇటూ ఊగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కగానే పల్లవి మధ్యలోకి ఎవరో ఆర్‌జే గొంతు చొరబడటానికి కారణం ఇదే. ఎత్తుకు వెళ్లేకొద్దీ స్టేషన్ సిగ్నల్ బలపడుతుంది, కారులోని పరికరం బలం మాత్రం అంతే ఉంటుంది.

కాబట్టి ఫ్రీక్వెన్సీ ఎంపికలోనే సగం పని ఉంది. హైదరాబాదునే తీసుకుంటే 91.1, 92.7, 93.5, 98.3 ప్రైవేటు స్టేషన్లవి; 101.9 రెయిన్‌బో, 102.8 వివిధభారతి. ఇవి కాక మరికొన్ని. రెండు స్టేషన్ల మధ్య ఖాళీ కనిపించిన చోటల్లా పనికిరాదు. ఇరుపక్కలా కనీసం 0.4 మెగాహెర్ట్జ్ మేర ఎవరూ లేకుండా ఉండాలి. మన దేశంలో ఎఫ్ఎం ప్రసారాలకు కేటాయించింది 88 నుంచి కనుక, రేడియో 87.5 దాకా దిగే సెట్ అయితే ఆ కింది అంచు ఖాళీగా దొరికే అవకాశం ఎక్కువ. వెతకాల్సిన పద్ధతి కూడా ఒకటుంది. ముందు ట్రాన్స్‌మిటర్ పీకేయాలి. ఇంజను నడుస్తుండగా రేడియోను చేత్తో ఒక్కో మెట్టూ తిప్పుతూ, మాట గానీ పాట గానీ లేకుండా ఉత్త బుస్సుమనే శబ్దం మాత్రమే వినిపించే చోటు పట్టుకోవాలి. ఆ తర్వాతే ట్రాన్స్‌మిటర్‌ను ఆ అంకె మీదికి తేవాలి. ఇక్కడ కుదుర్చుకున్న చోటు విజయవాడ చేరేసరికి ఎవరిదో స్టేషన్ కావచ్చు, మళ్లీ వెతుక్కోవాల్సిందే.

సెకండ్‌హ్యాండ్ జపాన్ సెట్ బిగించిన కార్లకు ఇంకో చిక్కు. జపాన్‌లో ఎఫ్ఎం చాలాకాలం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉండేది. అక్కడి కోసం తయారైన సెట్‌లో 90 పైన ఏమీ పలకదు. 87.5 నుంచి 90 మధ్య దొరికిన చోటే గతి.

ధ్వని నాణ్యత సంగతి. ఎఫ్ఎం స్టీరియో ప్రసారంలో పాటకు దక్కేది 15 కిలోహెర్ట్జ్ వరకే. 19 దగ్గర స్టీరియో కోసం పంపే పైలట్ సిగ్నల్ ఉంటుంది. కారు హోరులో అది పెద్ద నష్టమేమీ కాదు. అసలు ఇబ్బంది వేరే ఉంది. ట్రెబుల్‌ను పెంచి పంపి, రేడియోలో అంతే మేర తగ్గించుకోవడం ఎఫ్ఎం పద్ధతి. ఆ పెంచే కొలత అమెరికాలో 75 మైక్రోసెకన్లు, మన దగ్గరా యూరప్‌లోనూ 50. అమెరికా కొలతకు సరిపెట్టిన పరికరం ఇక్కడి రేడియోలో పలికితే గాయని గొంతులోని సకారాలు చెవిలో గుచ్చుకుంటాయి. సెట్‌లో ట్రెబుల్ రెండు మెట్లు దించితే చాలావరకు సర్దుకుంటుంది. మరోటి, ఫోన్ వాల్యూమ్ నిండా పెట్టి, ట్రాన్స్‌మిటర్ వాల్యూమ్ కూడా నిండా పెట్టేవాళ్లు ఎక్కువ. ఎఫ్ఎంలో సిగ్నల్ ఊగడానికి 75 కిలోహెర్ట్జ్ హద్దు ఉంది. అది దాటితే డప్పు మోగిన ప్రతిసారీ ధ్వని పగులుతుంది. మరీ తగ్గిస్తే బుస పైకి తేలుతుంది. ఫోన్ ముప్పావు వంతు, ట్రాన్స్‌మిటర్ సగం దగ్గర మొదలుపెట్టి, పగలని చోట ఆపుకోవడం మేలు.

ఇదే సూత్రం మీద తీగతో పనిచేసే ఎఫ్ఎం మాడ్యులేటర్లు కూడా దొరుకుతాయి. ఏంటెనా తీగకూ సెట్‌కూ మధ్య వీటిని బిగిస్తారు. ఫోన్ పలికేటప్పుడు బయటి ఏంటెనాను తెంచి, తన సిగ్నల్‌నే సెట్‌కు ఇస్తుంది కనుక స్టేషన్ల గొడవ ఉండదు. ఆక్స్ లేని, విప్పి మార్చడానికి వీల్లేని కంపెనీ సెట్‌కు ఇది సాకెట్‌లో గుచ్చే దానికన్నా ఎంతో నయం. మన దుకాణాల్లో ఎందుకో దీని మాటే ఎత్తరు.

క్యాసెట్ డెక్ ఉంటే

టేప్‌రికార్డర్ ఉన్న కారు ఎఫ్ఎం రేడియో మాత్రమే ఉన్న కారుకన్నా ఈ విషయంలో అదృష్టవంతురాలే. ఫిలిప్స్ 1963లో తెచ్చిన క్యాసెట్ కొలతలు చివరిదాకా మారలేదు. అమెరికా మార్కెట్లో క్యాసెట్ డెక్‌తో వచ్చిన ఆఖరి కొత్త కారుగా 2010 మోడల్ లెక్సస్ ఎస్‌సీ 430ని చెబుతారు. అంటే దాదాపు యాభై ఏళ్లలో వచ్చిన ఏ డెక్‌కైనా ఒకే అడాప్టర్ పడుతుంది.

క్యాసెట్ ఆకారంలో ఉండే ఈ అడాప్టర్‌లో టేపు ఉండదు. టేపు ఉండాల్సిన చోట ఒక చిన్న తీగచుట్ట, అంటే ఇంకో హెడ్, ఉంటుంది. ఫోన్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతం ఆ చుట్టలో ప్రవహించి అయస్కాంత క్షేత్రాన్ని ఊపుతుంది. ఎదురుగా ఆనుకుని ఉన్న డెక్ హెడ్ దాన్ని టేపు కదులుతోందనుకుని చదివేస్తుంది. రెండు హెడ్లు సూటిగా ఎదురుబొదురుగా ఉంటే ధ్వని ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కన్నా స్పష్టంగా ఉంటుంది. మధ్యలో స్టేషన్లు చొరబడవు.

ఇబ్బందులన్నీ మరల దగ్గరే. టేపు చుట్టుకునే చక్రం తిరగడం లేదని డెక్ కనిపెడితే క్యాసెట్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది, లేదా బయటికి తోసేస్తుంది, ఆటో రివర్స్ ఉన్నదైతే అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. దాన్ని మభ్యపెట్టడానికే అడాప్టర్ లోపల పళ్లచక్రాలు పెడతారు. చవక వాటిలో ఆ చక్రాల కటకట పాట నెమ్మదించినప్పుడు వినిపిస్తుంది. శబ్దం అసలే రాకపోతే, డెక్ రెండో వైపు చదువుతోందేమో చూసి దిశ మార్చే బటన్ నొక్కాలి. ధ్వని దుప్పటి కప్పినట్టు మందంగా ఉంటే టేపు బుసను తగ్గించే డాల్బీ బటన్ వేసి ఉందేమో చూడాలి. డాల్బీతో రికార్డు చేయని ధ్వనిని ఆ సర్క్యూట్ గుండా పంపితే పై స్వరాలు కోసుకుపోతాయి. అప్పటికీ మందంగానే ఉంటే హెడ్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న టేపు పొడే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిస్తే పోతుంది.

ఆక్స్ లేని పాత కంపెనీ డెక్‌కు రేడియో మెకానిక్‌లు చేసే మరో పని ఉంది. సెట్ విప్పి, క్యాసెట్ ప్రీఆంప్లిఫయర్ తర్వాత, వాల్యూమ్ కంట్రోల్‌కు ముందు రెండు తీగలు సోల్డరింగ్ చేసి బయటికి పిన్ తీస్తారు. చేయి తిరిగినవాళ్లు మధ్యలో కెపాసిటర్లు వేసి డీసీ వోల్టేజీ ఫోన్‌లోకి రాకుండా ఆపుతారు. వేయని చోట ఫోన్ ప్రమాదంలో పడుతుంది. ఆ పని చేసిన తర్వాత ఖాళీ క్యాసెట్ ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి, లేకపోతే సెట్ టేపు వైపు మారదు. ఇప్పుడు ఈ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు.

ఆక్స్, దాని పిన్, దాని మోత

2000ల చివరి నుంచి వచ్చిన సెట్లలో ముందువైపు 3.5 మిల్లీమీటర్ల చిల్లు సర్వసాధారణమైంది. లేదనుకున్న సెట్లలో కూడా కొన్నిటికి వెనకవైపు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు ఉంటాయి. ముందు ఏమీ కనబడదు కనుక యజమానికి ఏళ్ల తరబడి తెలియదు. అయితే వెనక ఉన్న ఆర్‌సీఏలన్నీ ఇన్‌పుట్లు కావు. విడి ఆంప్లిఫయర్ కోసం ఇచ్చే అవుట్‌పుట్లు కూడా అచ్చం అలాగే ఉంటాయి, వాటికి ఫోన్ కలిపితే ఏమీ పలకదు. ఇన్‌పుటే అయినా కొన్ని సెట్లలో మెనూలోకి వెళ్లి ఆక్స్‌ను ఆన్ చేస్తే తప్ప సోర్స్ బటన్ నొక్కినప్పుడు ఆ పేరు రాదు.

ఆక్స్ తీగతో వచ్చే ఒక వింత జబ్బును చాలామంది ఫోన్ పాడైందనో, యాప్ పాడైందనో అనుకుంటారు. వాయిద్యాలు వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాయమవుతుంది. తీగలో ఎర్త్, అంటే రెండు చానళ్లకూ ఉమ్మడిగా ఉండే పోగు, తెగినప్పుడు, లేదా పిన్ పూర్తిగా దిగనప్పుడు ఇలా జరుగుతుంది. ఎర్త్ లేకపోతే సెట్‌కు అందేది కుడి, ఎడమ చానళ్ల మధ్య తేడా మాత్రమే. పాటలో గొంతును రెండు చానళ్లలోనూ సమానంగా పెడతారు కాబట్టి అది రద్దయిపోతుంది. ఇది నిర్ధారించుకోవడానికి పాత పాటలు అద్భుతంగా పనికొస్తాయి. 1960ల నాటి ఘంటసాల పాట మోనో రికార్డింగ్ అయితే రెండు చానళ్లలోనూ ఒకే ధ్వని ఉంటుంది. ఎర్త్ తెగిన తీగ మీద అది దాదాపు పూర్తిగా నోరు మూసుకుంటుంది. కొత్త పాటకు గొంతు పోయి, పాత పాటకు అన్నీ పోతే తీగ మార్చేయడమే.

పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టడం కూడా అవసరమే. రెండు గీతలున్నది మామూలు స్టీరియో పిన్. మూడు గీతలున్నది మైకుతో కూడిన హెడ్‌సెట్ పిన్. మూడు గీతల దాన్ని పాత సెట్‌లో పెడితే కొన్నిసార్లు పూర్తిగా దింపినప్పుడు గొంతు పోయి, కాస్త వెనక్కి లాగినప్పుడు వస్తుంది. అలా లాగి పట్టుకుని తిరిగేకన్నా రెండు గీతల తీగ కొనుక్కోవడం సుఖం.

2016లో ఐఫోన్ 7 హెడ్‌ఫోన్ జాక్ తీసేశాక మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. ఇప్పుడు టైప్-సీ నుంచి 3.5కు మార్చే చిన్న తోక కావాలి. ఇందులోనే రెండు రకాలున్నాయి, పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఒకటి ఉత్త తీగ. ఫోనే అనలాగ్ ధ్వనిని టైప్-సీ గుండా బయటికి ఇస్తే తప్ప పనిచేయదు. రెండోదానిలో డిజిటల్‌ను ధ్వనిగా మార్చే చిప్, అంటే డీఏసీ, ఉంటుంది. గూగుల్ పిక్సెల్‌లకూ ఇటీవలి శామ్‌సంగ్ ఫోన్లకూ రెండో రకమే కావాలి. దుకాణంలో చవకదని ఉత్త తీగ తెచ్చుకుని 'ఈ ఫోన్‌కు సపోర్టు లేదు' అని తీర్మానించుకోవడం తరచూ జరిగేదే.

ఇక మోత. ఆక్స్‌లో పాట వింటూ అదే ఫోన్‌ను కారు చార్జర్‌కు పెట్టగానే సన్నగా కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కూత స్థాయి పెరుగుతుంది. ఇంజను వేగంతో పాటు మారే శబ్దమైతే అది ఆల్టర్నేటర్ నుంచి వచ్చేదే. మన మెకానిక్‌లు డైనమో మోత అంటారు. ఫోన్‌కు ఇప్పుడు ఎర్త్ రెండు దారుల్లో అందుతోంది: చార్జర్ గుండా ఒకటి, ఆక్స్ తీగ గుండా ఒకటి. కారు బాడీలో ఆ రెండు చోట్ల మధ్య వోల్టేజీ ఖచ్చితంగా ఒకటే ఉండదు, అతి చిన్న తేడా ఉంటుంది. ఆ తేడాకు ఆక్స్ తీగలో కరెంటు పారుతుంది, సెట్ దాన్ని కూడా పాటలో భాగమనుకుని పెంచి వినిపిస్తుంది. చార్జర్ పీకితే శబ్దం ఠక్కున ఆగితే రోగం ఇదేనని ఖాయం. పీకినా పోకపోతే సెట్ ఎర్త్ బిగింపు వదులైందేమో చూడాలి.

మందు చాలా తేలిక. ఫోన్‌ను పవర్‌బ్యాంకుతో చార్జి చేస్తే రెండో ఎర్త్ దారి ఉండదు, మోతా ఉండదు. అలా కుదరకపోతే ఆక్స్ తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా పెట్టాలి. అందులో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ధ్వని అయస్కాంతం గుండా అవతలికి వెళ్తుంది, ఎర్త్ మాత్రం వెళ్లదు. మరీ చవకదానిలో ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము చాలక బేస్ పలచబడుతుంది. డప్పు పాటలు ఎక్కువగా వినేవాళ్లు పవర్‌బ్యాంకే నమ్ముకోవడం మంచిది.

బ్లూటూత్ ఉన్నా పాట రాని కార్లు

2010 ప్రాంతపు కొన్ని కార్లలో బ్లూటూత్ ఉంటుంది, ఫోన్ కలుస్తుంది, కాల్ వస్తే స్పీకర్లలో వినిపిస్తుంది. పాట పెడితే మాత్రం ఫోన్‌లోనే పలుకుతుంది. ఇది పాడైపోవడం కాదు. బ్లూటూత్‌లో కాల్‌కు ఒక ప్రొఫైల్, స్టీరియో పాటకు వేరే ప్రొఫైల్. మొదటిది హెచ్ఎఫ్‌పీ, రెండోది ఏ2డీపీ. ఆ కార్లకు మొదటిదే ఇచ్చారు. పాటను కాల్ దారిలోకి మళ్లించే యాప్‌లు ఉన్నాయి కానీ, ఆ దారిలో సెకనుకు 8,000 నమూనాలే పోతాయి. మోనోలో, ల్యాండ్‌లైన్ ఫోన్‌లో వినిపించినట్టు ఉంటుంది. వార్తలకు, ప్రవచనాలకు సరిపోతుంది. సంగీతానికి కాదు.

ఇలాంటి కార్లకూ, ఆక్స్ మాత్రమే ఉన్న కార్లకూ కొన్ని వందల రూపాయల బ్లూటూత్ రిసీవర్ ఒకటి ఆక్స్‌లో గుచ్చడమే అన్నిటికన్నా తెలివైన బేరం. ఫోన్ నుంచి రిసీవర్ దాకా డిజిటల్‌గా వచ్చి, అక్కడ ధ్వనిగా మారి, నేరుగా సెలెక్టర్‌లోకి వెళ్తుంది. ఏ కోడెక్, అంటే పాటను కుదించి పంపే ఏ పద్ధతి, మంచిదన్న వాదన కారులో అనవసరం. అన్ని పరికరాలూ తప్పనిసరిగా ఇచ్చే ఎస్‌బీసీ కోడెక్ మంచి సెట్టింగ్‌లో సెకనుకు సుమారు 328 కిలోబిట్లు పంపగలదు. హైవే మీద టైర్ల హోరు మధ్య అంతకు మించినదాన్ని చెవి పట్టుకోలేదు.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. లోపల బ్యాటరీ ఉన్న రిసీవర్‌ను ఎండాకాలం డ్యాష్‌బోర్డు మీద వదిలేయకూడదు. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి లిథియం బ్యాటరీ తట్టుకునే హద్దును దాటిపోతుంది. బ్యాటరీ లేకుండా యూఎస్‌బీ చార్జర్ నుంచి కరెంటు తీసుకునే రకంలో, పైన చెప్పిన డైనమో మోతే మళ్లీ రావచ్చు. ఎందుకంటే ఇప్పుడు ఎర్త్ రెండు దారుల్లో అందుతున్నది రిసీవర్‌కు.

కొన్నాక మార్చాల్సిన సెట్టింగ్ కూడా ఒకటుంది. చవక రిసీవర్‌లో మైకు కూడా ఉంటుంది కనుక కాల్ రాగానే ఫోన్ తన గొంతునూ చెవినీ దానికే అప్పగిస్తుంది. గేరు రాడ్ పక్కన పడి ఉన్న ఆ మైకుకు ఇంజను మోత తప్ప మాట అందదు, అవతలివాళ్లు 'హలో హలో' అంటూనే ఉంటారు. ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ పరికరం పేరు దగ్గర కాల్స్ ఆపేసి, మీడియా ఆడియో మాత్రం ఉంచుకోవచ్చు. మ్యాప్ గొంతు మొదటి మాటలు మింగేస్తుంటే కారణం బ్లూటూత్ ధ్వని దారి తెరుచుకోవడానికి కొంత ఆలస్యం కావడమే. వెనకాల ఏదో ఒక పాట చిన్నగా పలుకుతూ ఉంటే దారి తెరిచే ఉంటుంది, మాటలు పోవు.

పాట మార్చడానికి ఫోన్ చేతిలోకి తీసుకోవడం మాత్రం వద్దు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద బండి నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది. తర్వాతి పాట బటన్ ఉన్న రిసీవర్ పది రూపాయలు ఎక్కువైనా కొనదగింది.

యూఎస్‌బీ పోర్టు ఉంది కదా అంటే

పాత సెట్‌లోని యూఎస్‌బీ పోర్టు పెన్‌డ్రైవ్ కోసం పెట్టింది. మొదట్లో ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా తీగ పెడితే పెన్‌డ్రైవ్‌లాగే కనిపించేవి. తర్వాత అవి ఎంటీపీ అనే పద్ధతికి మారాయి, పాత సెట్‌కు ఆ భాష రాదు. ఫోన్ చార్జి అవుతుంది, అదీ 0.5 ఆంపియర్లతో నత్తనడకన. సెట్ మీద మాత్రం ఎర్రర్ అనో, ఖాళీ అనో పడుతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టదలిస్తే దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి. పెద్ద సైజు డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, పాత సెట్లు వాటిని గుర్తించవు. పాటలు అక్షరక్రమంలో కాకుండా ఎక్కించిన వరుసలో పలకడం మామూలే. పాట పేరు తెలుగు లిపిలో ఉంటే డిస్‌ప్లే మీద గళ్లో ప్రశ్నార్థకాలో వస్తాయి, ఇంగ్లీషు లిపిలో పేరు మార్చి ఎక్కించుకోవాలి. మొబైల్ షాపుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు ఇంగ్లీషు పేర్లే పెట్టడానికి ఇదీ ఒక కారణం.

సెట్ మార్చేద్దామంటే

అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థి కొన్న పాత క్యామ్రీలో, కరోలాలో సెట్ కంపెనీ అమర్చినదే. ముఖభాగం డ్యాష్‌బోర్డు ఆకారంలో కలిసిపోయి ఉంటుంది, మార్చాలంటే ఆ మోడల్‌కు సరిపడే ఫ్రేము, తీగలను కలిపే కప్లర్ విడిగా కొనాలి. అక్కడ అడాప్టర్ల వైపు మొగ్గడంలో అర్థముంది. మన దగ్గర పరిస్థితి వేరు. 1990లు, 2000లలో చిన్న కార్ల కింది మోడళ్లు చాలావరకు స్టీరియో లేకుండానే వచ్చేవి. కొన్నవాళ్లు బయట సోనీదో పయనీర్‌దో బిగించుకునేవాళ్లు. కాబట్టి డ్యాష్‌బోర్డులో ఉన్నది 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల సింగిల్ డిన్ అనే ప్రామాణిక కొలత ఖాళీ. ఇప్పటికీ అదే కొలతలో బ్లూటూత్, యూఎస్‌బీ, ఆక్స్ మూడూ ఉన్న సెట్ కొన్ని వేలకే దొరుకుతుంది. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు రెండు మార్చి, స్పీకర్లు ఒకసారి మార్చినవాళ్లు ఈపాటికి ఆ డబ్బు పెట్టేసే ఉంటారు.

డబ్బా మీద రాసిన '50 వాట్లు × 4' చూసి మురిసిపోనక్కర్లేదు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. విడిగా వోల్టేజీ పెంచే సర్క్యూట్ లేని సెట్ 4 ఓమ్‌ల స్పీకరుకు శుభ్రంగా ఇవ్వగలిగింది లెక్క ప్రకారం 26 వాట్లకు మించదు, వాస్తవంలో ఇంకా తక్కువ. పాత స్పీకర్ల చుట్టూ ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలిపోయి ఉంటే మాత్రం వాటినీ మార్చాల్సిందే. వేలితో మెల్లగా తాకి చూస్తే తెలిసిపోతుంది.

బిగింపులో జరిగే పొరపాట్లు మాత్రం ఖరీదైనవి. మామూలు రంగుల వరుసలో పసుపు తీగకు ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి, ఎరుపుకు తాళం తిప్పినప్పుడే రావాలి. ఈ రెండూ తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, జత చేసిన ఫోన్ల పేర్లు చెరిగిపోతాయి. రెండిటినీ కలిపి ఒకేచోట కట్టేస్తే సెట్ ఎప్పుడూ మేలుకునే ఉండి, వారం రోజులు కదలని కారు బ్యాటరీని తాగేస్తుంది. మరీ పాత కార్లలో స్పీకర్ల రెండో తీగను కారు బాడీకే కట్టి ఉంటారు. ఇప్పటి సెట్లలో ఏ స్పీకరు తీగనూ ఎర్త్‌కు తగలనివ్వకూడదు, తగిలితే లోపలి ఆంప్లిఫయర్ ఐసీ కాలిపోతుంది. అలాంటి కారుకు స్పీకర్ల దాకా కొత్త తీగలు లాగాలి. ఆటోనగర్‌లో గంటలో చేసిచ్చే పనే, అడిగి చేయించుకోవాలి అంతే. ఉన్న కప్లర్‌ను కోసేసి టేపు చుట్టే మెకానిక్‌ను ఆపి, అడాప్టర్ కప్లర్ తెప్పించమనడం కూడా అందులో భాగమే.

హోండా, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ లాంటి కార్లలో కంపెనీ సెట్‌ను విప్పే ముందు ఇంకో సంగతి. వీటిలో కొన్ని సెట్లు కరెంటు ఒకసారి తెగితే కోడ్ అడుగుతాయి, తప్పు కోడ్ కొన్నిసార్లు కొడితే తాళం పడిపోతుంది. ఆ కోడ్ సాధారణంగా ఓనర్ మాన్యువల్‌తో పాటు ఇచ్చిన చిన్న కార్డు మీద ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ బండిలో ఆ కార్డు దొరకడం అరుదు కనుక, కొత్త సెట్ నచ్చక పాతదే మళ్లీ పెట్టుకునే అవకాశం ఏమాత్రం ఉన్నా, బ్యాటరీ తీగ ఊడదీయకముందే కోడ్ కోసం డీలరు దగ్గర వాకబు చేసుకోవాలి.